కోల్ట్రేన్ – హార్ట్‌మన్, 1963: మీరు ఏ పాట దగ్గర ఆగిపోయారు?

రాత్రివేళ_రేడియో (శనివారం, రాత్రి 11:52)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను కానీ రాసింది తక్కువ. ఈ వారం ఒక జాజ్ ఆల్బమ్ నన్ను వదలడం లేదు, అందుకే రాస్తున్నాను. పేరు "జాన్ కోల్ట్రేన్ అండ్ జానీ హార్ట్‌మన్". ఒకరు సాక్సఫోన్, ఒకరు గాత్రం. ఆరే పాటలు, మొత్తం 31 నిమిషాలు.

కోల్ట్రేన్ పేరు నాకు కొత్త కాదు. కాలేజీ రోజుల్లో ఒక స్నేహితుడు "ఎ లవ్ సుప్రీమ్" వినిపించాడు. ఆ వేగం, ఆ ఆవేశం అప్పట్లో నా చెవికి ఎక్కలేదు. మళ్ళీ ఆయన జోలికి వెళ్ళలేదు.

మొన్న మంగళవారం రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఫోన్‌లో ఏదో పెట్టుకున్నాను. "మై వన్ అండ్ ఓన్లీ లవ్" మొదలైంది. సాక్సఫోన్ ఒక్కటే పాట మొత్తం పాడింది. వాయించింది అనబుద్ధి కావడం లేదు, పాడిందనే అంటాను. రెండు నిమిషాలు దాటింది. సరే, ఇది వట్టి వాద్యమే అనుకున్నాను. అంతలో ఒక మగ గొంతు వచ్చింది. కింది స్థాయిలో, ఏ తొందరా లేకుండా, పక్క కుర్చీలో ఇంతసేపూ మౌనంగా కూర్చున్న మనిషి నోరు విప్పినట్టు. చేతిలో తడి గిన్నె అలాగే పట్టుకుని పాట అయ్యేదాకా నిలబడిపోయాను.

అప్పటి నుంచి రోజూ రాత్రి ఒకసారి వింటున్నాను. మీలో ఎవరైనా విన్నారా? మీరు ఏ పాట దగ్గర ఆగిపోయారు? ఎందుకు? నాకు చెప్పండి, మళ్ళీ వినేటప్పుడు ఆ చెవితో వింటాను.

రికార్డుల_పెట్టె (ఆదివారం, ఉదయం 6:20)

పొద్దున్నే మంచి మాట చదివాను. నా దగ్గర ఇది పాతికేళ్ళుగా ఉంది. ముందు క్యాసెట్, తర్వాత సీడీ, ఇప్పుడు ఎల్పీ.

తెలిసిన వివరాలు చెబుతాను. రికార్డింగ్ 1963 మార్చి 7న, న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో, రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో. ఇంపల్స్ కంపెనీ, నిర్మాత బాబ్ థీల్. పియానో మెకాయ్ టైనర్, బేస్ జిమ్మీ గారిసన్, డ్రమ్స్ ఎల్విన్ జోన్స్. అంటే కోల్ట్రేన్ దగ్గర రోజూ వాయించే బృందమే, ఈ రికార్డు కోసం పోగుచేసిన వాళ్ళు కాదు. కోల్ట్రేన్ తన పేరు మీద చేసిన ఆల్బమ్‌లలో గాయకుడు ముందు నిలబడి పాడింది ఇదొక్కటే.

అప్పటికి కోల్ట్రేన్ వయసు 36, హార్ట్‌మన్‌కి 39. హార్ట్‌మన్ షికాగోలో పెరిగాడు. 1940ల చివర్లో ఎర్ల్ హైన్స్ దగ్గర, తర్వాత డిజ్జీ గిలెస్పీ పెద్ద బ్యాండులో పాడాడు. 1950లలో రెండు మూడు మంచి రికార్డులు ఇచ్చాడు కానీ పెద్ద పేరు రాలేదు. అలాంటి మనిషిని కోల్ట్రేనే కోరుకున్నాడు. ఆ గొంతు తన మనసులో ఎక్కడో ఉండిపోయిందని, అందులో తాను వినాల్సింది ఏదో ఉందనిపించిందని 1966లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు.

హార్ట్‌మనే మొదట వెనకాడాడు. తనను తాను జాజ్ గాయకుడిగా అనుకోలేదు మరి. న్యూయార్క్‌లో బర్డ్‌లాండ్ క్లబ్‌కి వెళ్ళి కోల్ట్రేన్ కచేరీ విన్నాడు. క్లబ్ మూసేశాక హార్ట్‌మన్, కోల్ట్రేన్, టైనర్ ముగ్గురూ కూర్చుని కొన్ని పాటలు అనుకున్నారు. అక్కడ కుదిరింది.

నేను ఆగిపోయేది మొదటి పాట "దే సే ఇట్స్ వండర్‌ఫుల్" దగ్గర. మీరు చెప్పిన పాటలో గొంతు కోసం ఎదురుచూస్తాం. ఇందులో గొంతే ముందు వస్తుంది, సాక్సఫోన్ కోసం ఎదురుచూస్తాం.

కొత్త_చెవులు (ఆదివారం, ఉదయం 9:05)

నాకు జాజ్ అస్సలు తెలియదు, అడగొచ్చో లేదో. "స్టాండర్డ్స్" అని ఎక్కడ చూసినా రాస్తారు. స్టాండర్డ్ అంటే ఏమిటి? ఈ ఆరు పాటలూ వీళ్ళ కోసం రాసినవి కావా?

రికార్డుల_పెట్టె (ఆదివారం, ఉదయం 9:40)

ఎందుకు అడగకూడదు, తప్పకుండా అడగండి. ఈ ఆరూ వీళ్ళ కోసం రాసినవి కావు. ఒకప్పుడు అమెరికాలో నాటకాల కోసం, సినిమాల కోసం, రేడియో కోసం రాసిన పాటలు. వాటిలో గట్టివి నిలబడ్డాయి. నాటకం మరిచిపోయినా పాట మిగిలింది. ప్రతి గాయకుడూ, ప్రతి వాద్యకారుడూ దాన్ని తనదిగా చేసుకుని పాడతాడు. అలా అందరి నోటా పడి నిలిచినవే స్టాండర్డ్స్.

ఉదాహరణకు "దే సే ఇట్స్ వండర్‌ఫుల్" ఇర్వింగ్ బెర్లిన్ 1946లో ఒక బ్రాడ్‌వే నాటకం కోసం రాశాడు. "యూ ఆర్ టూ బ్యూటిఫుల్" 1933 నాటి సినిమా పాట, రాడ్జర్స్, హార్ట్ జంటది. "మై వన్ అండ్ ఓన్లీ లవ్" కథ ఇంకా చిత్రం. గై వుడ్ బాణీ 1940లలోనే వేరే మాటలతో, వేరే పేరుతో వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. 1952లో రాబర్ట్ మెలిన్ కొత్త మాటలు రాశాడు. ఆ మరుసటి ఏడాది ఫ్రాంక్ సినాట్రా పాడాడు. బాణీ అదే, మాటలు మారాయి, పాట బతికింది.

స్వరజతి (ఆదివారం, మధ్యాహ్నం 2:15)

మా ఇంట్లో ఉదయం నుంచి ఇదే మోగుతోంది, రాత్రివేళ_రేడియో గారి పుణ్యమా అని. నేను వయొలిన్ నేర్పిస్తాను, జాజ్‌లో పెద్ద ప్రవేశం లేదు. కానీ పక్కవాద్యం గురించి ఒక మాట చెప్పాలని ఉంది.

మన కచేరీలో వయొలిన్ గాయకుడిని నీడలా వెంబడించాలి. గాయకుడు ఒక సంగతి పాడితే అదే సంగతి అర క్షణం వెనక వయొలిన్‌లో వినపడాలి. అందులో ఒక ప్రమాదం ఉంది. చెయ్యి బాగా తిరిగినవాళ్ళకి చూపించుకోవాలని ఉంటుంది. గాయకుడు ఊపిరి తీసుకునే ఆ చిన్న సందులో కూడా ఏదో ఒకటి దూర్చేస్తారు. నా శిష్యులకి నేను ఎక్కువసార్లు చెప్పేది విల్లు ఎత్తమనే. వాయించమని చెప్పడం తక్కువ.

ఈ రికార్డులో కోల్ట్రేన్ అలా విల్లు ఎత్తిన మనిషిలా ఉన్నాడు. తన వంతు వచ్చినప్పుడు పాటను పూర్తిగా తన చేతిలోకి తీసుకుంటాడు. గొంతు వచ్చిందా, తప్పుకుంటాడు. వెనక ఎక్కడైనా వాయించినా గొంతు కింద పరిచిన బట్టలా ఉంటుంది. అంత వేగంగా వాయించగల మనిషి అన్ని స్వరాలు దాచుకుని కూర్చోవడం ఎంత కష్టమో వాయించేవాళ్ళకి తెలుస్తుంది.

నాకు క్షేత్రయ్య పదం గుర్తొచ్చింది. పదం చౌకంలో పాడాలి. వేగంగా పాడితే తప్పులు దొర్లిపోతాయి, ఎవరికీ తెలియదు. చౌకంలో ఒక్క స్వరం బరువు తగ్గినా బయటపడిపోతుంది. అందుకే పదాలు పాడాలంటే వయసు రావాలని పెద్దవాళ్ళు అనేవారు. హార్ట్‌మన్ ఆ వయసు వచ్చిన గొంతుతో పాడుతున్నాడు. శృంగారమే, కానీ ఎక్కడా తొట్రుపాటు లేదు.

ఉక్కు_నగరం (ఆదివారం, సాయంత్రం 5:30)

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను, మనసులో ఉన్నదే.

నాకు కోల్ట్రేన్ అంటే ప్రాణం. కానీ 1961 నవంబర్‌లో న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్‌లో "ఇండియా" వాయించిన కోల్ట్రేన్ నా కోల్ట్రేన్. ఆ రోజుల్లోనే ఆయన బృందం సంగీతాన్ని డౌన్‌బీట్ పత్రికలో ఒక విమర్శకుడు "యాంటీ జాజ్" అని రాశాడు. దాని తర్వాతే కంపెనీ వరుసగా మెత్తటి రికార్డులు చేయించింది: "బాలడ్స్", డ్యూక్ ఎలింగ్టన్‌తో ఒకటి, ఆ తర్వాత ఇది. మంట మీద నీళ్ళు చల్లినట్టు. విన్నప్పుడు అందంగానే ఉంటుంది. కానీ నాకు ఆ మనిషిని ఎవరో కట్టేసినట్టు అనిపిస్తుంది. హార్ట్‌మన్ గొంతు కూడా మరీ నున్నగా ఉంటుంది, ఎక్కడా గీరుకోదు.

ఇంకొకటి. 2018లో బయటికి వచ్చిన "బోత్ డైరెక్షన్స్ ఎట్ వన్స్" రికార్డు చేసింది 1963 మార్చి 6న. అంటే దీనికి సరిగ్గా ముందు రోజు, అదే స్టూడియో, అదే నలుగురు. అది వినండి, ఇది వినండి. ఏది ఆయన మనసు?

రికార్డుల_పెట్టె (ఆదివారం, సాయంత్రం 6:48)

ఉక్కు_నగరం గారూ, మీ మాటలో కొంత నిజం ఉంది. ఎక్కువమంది శ్రోతలకి చేరాలని థీల్ అనుకున్న మాట నిజమే. ఆ రోజుల్లో కోల్ట్రేన్‌కి మౌత్‌పీస్‌తో ఇబ్బంది ఉందని, అందుకే నెమ్మదైన పాటలు ఎంచుకున్నాడని కూడా అంటారు.

కానీ మీరు చెప్పిన ఆ ముందు రోజు నాకు సరిగ్గా ఎదురు అర్థంలో కనిపిస్తుంది. మార్చి 6న అంత నిప్పు కురిపించి, మర్నాడు అదే గదికి వచ్చి ఒక గాయకుడి పక్కన అంత నెమ్మదిగా నిలబడ్డాడు. కట్టేస్తే అలా రాదు. కట్టేసిన చెయ్యి బిగుసుకుంటుంది. ఈ రికార్డులో బిగుసుకున్న స్వరం ఒక్కటి చూపించండి. తర్వాతి ఏడాది డిసెంబర్‌లో అదే స్టూడియోలో "ఎ లవ్ సుప్రీమ్" చేశాడు. దాని మొదటి నిమిషాల్లో వినిపించే ఆ నిదానం ఇక్కడ నేర్చుకున్నదే అని నా నమ్మకం.

ఉక్కు_నగరం (ఆదివారం, సాయంత్రం 7:10)

"బిగుసుకున్న స్వరం ఒక్కటి చూపించండి" అన్నారు. ఈ రాత్రి ఆ ఉద్దేశంతోనే వింటాను. దొరికితే రాస్తాను, దొరక్కపోయినా రాస్తాను.

ఎడిసన్_నుంచి (ఆదివారం, రాత్రి 10:30)

న్యూజెర్సీలో ఉండి ఇంతకాలం ఈ స్టూడియో గురించి పట్టించుకోలేదు. మా ఇంటి నుంచి గంట ప్రయాణం. మూడేళ్ళ క్రితం ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో పని మీద వెళ్ళి, తిరిగి వస్తూ సిల్వన్ అవెన్యూలో బండి ఆపాను. చెట్ల వెనక ఉంటుంది. ఇంత చరిత్ర జరిగిన చోటని రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి తెలియదు.

వాన్ గెల్డర్ వృత్తి కళ్ళద్దాల వైద్యం. పగలు కళ్ళ పరీక్షలు చేస్తూ, రాత్రుళ్ళు హాకెన్‌సాక్‌లో తల్లిదండ్రుల ఇంటి ముందు గదిలో రికార్డింగులు చేసేవాడు. బ్లూ నోట్ కంపెనీ గొప్ప రికార్డులు ఎన్నో ఆ ముందు గదిలో పుట్టినవే. 1959లో ఈ స్టూడియో కట్టించుకుని, అప్పటి నుంచి పూర్తిగా దీనికే వచ్చేశాడు. లోపల పైకప్పు చెక్కతో, గుడి గోపురం లోపలి నుంచి చూసినట్టు బాగా ఎత్తుగా ఉంటుంది. ఫోటోలు చూడండి.

ఆ ఎత్తు ఈ రికార్డులో వినపడుతుంది. హార్ట్‌మన్ గొంతు మైకుకి చాలా దగ్గరగా ఉంది, పెదవులు కలిసే చప్పుడు కూడా తెలుస్తుంది. కోల్ట్రేన్ చుట్టూ మాత్రం కొంచెం గాలి ఉంది. ఇయర్‌ఫోన్లలో వింటే ఒకరు ఎదురుగా, ఒకరు గది చివర ఉన్నట్టు అనిపిస్తుంది. మా ఆవిడకి వినిపించి "ఎంతమంది ఉన్నారు?" అని అడిగితే "ఇద్దరే" అంది. నిజానికి ఐదుగురు.

గోదావరి_గట్టు (సోమవారం, ఉదయం 5:50)

ఐదుగురు ఉన్నా ఇద్దరే వినపడ్డారన్న మాట దగ్గర ఆగాను. నేనూ రాస్తాను.

మా నాన్నగారు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవారు, తర్వాత సాక్సఫోన్. మా వైపు పెళ్ళి ఊరేగింపులు, దేవుడి ఉత్సవాలు, రాజకీయ సభలు, అన్నింటికీ. నా చిన్నప్పుడు సాక్సఫోన్ అంటే వీధి నిండా నిండిపోయే చప్పుడు. డప్పులూ మందుగుండూ మించి వినపడాలి కదా. తర్వాత కద్రి గోపాలనాథ్ గారి కచేరీ టీవీలో చూసి నాన్నగారు రెండు రోజులు మాట్లాడలేదు. ఆ వాద్యంతో త్యాగరాజ కృతి పలికించవచ్చని ఆయన అనుకోలేదు.

నాకు తెలిసిన సాక్సఫోన్లు ఆ రెండే. నిన్న రాత్రి రాత్రివేళ_రేడియో గారు చెప్పిన పాట విన్నాను. ఇది మూడోది. గాలి కొంచెమే ఊదుతున్నాడు. సాక్సఫోన్‌లో గట్టిగా ఊదడం సులువు. మెల్లగా ఊదితే రీడ్ (నోటి దగ్గర ఉండే పలచని బద్ద) వణుకుతుంది, స్వరం పగులుతుంది, పై స్థాయిలో అయితే మరీను. ఈయన పై స్థాయిలో మెల్లగా ఊదుతూ, స్వరం చివర దాన్ని వదిలేసే చోట కూడా పగలనివ్వడం లేదు. వదలడం దగ్గరే పట్టు తెలుస్తుందని నాన్నగారు అనేవారు.

ఆయనకి ఇప్పుడు 78 ఏళ్ళు. చెవి కొంచెం తగ్గింది. ఈ వారం ఊరు వెళ్తున్నాను, వినిపిస్తాను.

రాత్రివేళ_రేడియో (సోమవారం, ఉదయం 7:15)

గోదావరి_గట్టు గారూ, తప్పకుండా వినిపించి ఇక్కడ రాయండి. ఎదురుచూస్తాను.

నడక (సోమవారం, మధ్యాహ్నం 1:00)

డ్రమ్స్ గురించి ఎవరూ రాయలేదు, కాబట్టి నా వంతు. నాకు మృదంగం కొంచెం వచ్చు.

ఎల్విన్ జోన్స్ అంటే పిడుగు. ఆయన కాళ్ళూ చేతులూ నాలుగు వేర్వేరు నడకల్లో వెళ్తుంటాయి, అన్నీ కలిపి ఒక్క సముద్రంలా ఉంటాయి. అదే మనిషి ఇక్కడ ఎక్కువగా తీగల బ్రష్‌లు పట్టుకున్నాడు. కొట్టడం కాదు, తోలు మీద రాస్తున్నాడు. నేల మీద చీపురు ఆడినట్టు ఒక సుయ్ మనే చప్పుడు. ఇంత నెమ్మదైన నడకలో లయ జారకుండా ఉండటం వేగంలో ఉండటం కంటే కష్టం. రెండు దెబ్బల మధ్య ఖాళీ ఎక్కువయ్యే కొద్దీ తర్వాతి దెబ్బ ఎక్కడ పడాలో మనసులోనే మోసుకుపోవాలి.

"ఆటమ్ సెరనేడ్" వినండి, చివరి పాట. అందులో మాత్రం ఆయన నడక మారుస్తాడు, కొంచెం లాటిన్ వాసన ఉంటుంది. ఐదు పాటలు వెన్నెల్లో కూర్చుని, ఆరోదానికి లేచి నాలుగు అడుగులు వేసినట్టు.

హార్ట్‌మన్ చెప్పుకున్న జ్ఞాపకం ఒకటి ఉంది. "యూ ఆర్ టూ బ్యూటిఫుల్" మధ్యలో జోన్స్ చేతి నుంచి కర్ర జారి పడిందట, అందుకని ఆ పాట మళ్ళీ చేశారట.

తొలిఝాము (సోమవారం, రాత్రి 9:25)

"లష్ లైఫ్" గురించి ఎవరూ ఎత్తలేదు. నాకు ఈ ఆల్బమ్ అంటే ఆ పాటే.

మిగిలిన ఐదూ ప్రేమ పాటలు. ఇది ప్రేమ విరిగాక ఏం మిగులుతుందో చెప్పే పాట. బార్‌ల చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయిన మనిషి, మధ్యలో ఒకసారి ఆశపడి, మళ్ళీ అక్కడికే వచ్చి కూర్చుంటాడు. బిల్లీ స్ట్రేహార్న్ దీన్ని మొదలుపెట్టినప్పుడు ఇంకా పద్దెనిమిదేళ్ళు దాటీ దాటని కుర్రాడు. పిట్స్‌బర్గ్‌లో మందుల షాపులో పనిచేసేవాడు. చేతిలో డబ్బు లేదు, చూసిన లోకం తక్కువ. అంత విసుగు, అంత నాగరికత ఆ వయసులో ఎలా ఊహించాడో. తర్వాత డ్యూక్ ఎలింగ్టన్ దగ్గర చేరి జీవితాంతం ఆయనకి కుడిభుజంగా ఉన్నాడు. స్వలింగ సంపర్కుడినన్న సంగతి దాచుకోకుండా బతికిన నల్లజాతి సంగీతకారుడు, అదీ ఆ రోజుల్లో. ఈ పాటలోని ఒంటరితనం విన్న ప్రతిసారీ నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

పాడటానికి చాలా కష్టమైన పాట. మొదటి భాగానికి తాళం ఉండదు, మన పద్యం చదివినట్టు మాటల నడకలోనే వెళ్ళాలి. బాణీ మనం అనుకున్న చోటికి వెళ్ళదు. ఫ్రాంక్ సినాట్రా అంతటివాడు 1958లో ఒక ఆల్బమ్ కోసం ప్రయత్నించి వదిలేశాడు.

అసలు ఈ పాట వాళ్ళ జాబితాలోనే లేదు. స్టూడియోకి వెళ్తుంటే కారు రేడియోలో నాట్ కింగ్ కోల్ పాడిన "లష్ లైఫ్" వచ్చిందని, అది విని ఇదీ చేద్దామనుకున్నామని హార్ట్‌మన్ తర్వాత చెప్పాడు. దారిలో అనుకున్న పాట ఆల్బమ్‌కి గుండెకాయ అయింది.

నేను రాత్రి డ్యూటీలు చేసే ఉద్యోగంలో ఉన్నాను. తెల్లవారుజామున ఇంటికి వస్తూ ఆటోలో ఇది వింటాను. హార్ట్‌మన్ ఏడుపు గొంతు పెట్టడు. బాధ చెబుతూ బాధపడుతున్నట్టు నటించడు. జరిగింది జరిగినట్టు చెబుతాడంతే. ఉక్కు_నగరం గారు ఆ గొంతు ఎక్కడా గీరుకోదన్నారు. ఈ పాటకి ఆ నున్నదనమే కావాలి. గీరుకుని ఉంటే జాలి పడేవాళ్ళం. నున్నగా ఉంది కాబట్టి భయం వేస్తుంది.

ఉక్కు_నగరం (సోమవారం, రాత్రి 11:40)

మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను. నిన్న రాత్రి ఒకసారి, ఈ రాత్రి రెండుసార్లు విన్నాను. బిగుసుకున్న స్వరం దొరకలేదు.

ఇంకొకటి దొరికింది. "లష్ లైఫ్"లో గొంతు ఆగాక కోల్ట్రేన్ వచ్చే చోట, ఆ నెమ్మదిలోనే ఆయన పాత వేగం ఒక్కసారి తొంగి చూస్తుంది. కొన్ని స్వరాలు గబగబా దొర్లి మళ్ళీ సద్దుమణుగుతాయి. 1958లోనే ఆయన ఈ పాటను గాయకుడు లేకుండా పద్నాలుగు నిమిషాల దాకా వాయించాడు. ఇక్కడ తనకున్న చోటు చాలా చిన్నది. ఆ చిన్న చోటులోనే సరిపెట్టాడు. కట్టేశారన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాకు ఇష్టమైన కోల్ట్రేన్ మాత్రం ఇంకా "ఇండియా" కోల్ట్రేనే.

కొత్త_చెవులు (మంగళవారం, ఉదయం 8:10)

ఇలాంటి గొంతుకి మన దగ్గర పోలిక ఎవరు? నాకైతే పి.బి. శ్రీనివాస్ గారు గుర్తొచ్చారు. తప్పైతే చెప్పండి.

స్వరజతి (మంగళవారం, ఉదయం 10:30)

తప్పు కాదు, నాకూ ఆయనే గుర్తొచ్చారు. ఆయన పక్కన ఎ.ఎం. రాజా గారిని కూడా పెడతాను.

దీని వెనక మైకు ఉంది. మన పద్యనాటకంలో నటుడు ఆఖరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి వినపడేలా రాగం తీయాలి. అది ఒక గొప్ప విద్య, గుండె బలం కావాలి. కానీ అలా అరిచి చెవిలో చెప్పే మాట చెప్పలేం. అమెరికాలోనూ అంతే, వేదిక మీద గొంతెత్తి పాడేవాళ్ళు. 1925 ప్రాంతంలో మైకుతో రికార్డింగ్ వచ్చాక బింగ్ క్రాస్బీ లాంటివాళ్ళు మైకునే ఎదుటి మనిషి చెవిగా చేసుకున్నారు. ఆ తర్వాతి తరంలో బిల్లీ ఎక్‌స్టైన్, ఆయన దారిలో హార్ట్‌మన్. మన దగ్గర సినిమా పాట ఆ పని చేసింది. "మిస్సమ్మ"లో రాజా గారి గొంతు వినండి, ఎంత తక్కువ గాలితో పాడారో. పి.బి.ఎస్. గారి మంద్రంలో ఆ మెత్తదనం. ఇద్దరికీ గొంతు చిన్నదన్నవాళ్ళు ఉన్నారు. చిన్నది కాదు, దగ్గరగా వచ్చిన గొంతు.

తేడా ఒకటి ఉంది. హార్ట్‌మన్ గొంతు మన ఈ ఇద్దరు గాయకుల కంటే ఇంకా కిందికి వెళ్తుంది. కింది స్థాయిలో పదం చివర అక్షరాన్ని ఆయన వదిలే తీరు వినండి, "డెడికేటెడ్ టు యూ"లో బాగా తెలుస్తుంది. అక్షరాన్ని ఊపడు, లాగడు. కాసేపు నిలబెట్టి, చివర్లో మాత్రం చిన్న కంపనం.

రికార్డుల_పెట్టె (మంగళవారం, మధ్యాహ్నం 3:30)

ఎల్పీ కొనాలని ఇద్దరు ముగ్గురు విడిగా మెసేజ్ చేశారు, అందరికీ ఇక్కడే చెబుతాను. ఇంపల్స్ పాత అట్టల వెన్ను నారింజ, నలుపు రంగుల్లో ఉంటుంది, పుస్తకంలా తెరుచుకుంటుంది. అది చూసి ఆశపడి ఆరేళ్ళ క్రితం ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర మొదటి ముద్రణ అని చెప్పింది చాలా డబ్బు పెట్టి కొన్నాను. వచ్చింది అరిగిపోయిన కాపీ. బిగ్గరగా ఉండే సంగీతంలో ఆ గరగర కలిసిపోతుంది. ఇందులో ప్రతి మౌనంలోనూ వినపడింది. తిరిగి పంపుతానంటే జవాబే లేదు. ఈ ఆల్బమ్‌కి శుభ్రంగా ఉన్న కొత్త ముద్రణ చాలు. సీడీ అయినా చాలు. గది నిశ్శబ్దంగా ఉండాలి, అది ముఖ్యం. ఫ్యాన్ తగ్గించి వినండి.

ఇది నచ్చినవాళ్ళు హార్ట్‌మన్ అదే ఏడాది ఇంపల్స్‌కే చేసిన "ఐ జస్ట్ డ్రాప్డ్ బై టు సే హలో" కూడా వినండి.

తొలిఝాము (మంగళవారం, రాత్రి 8:45)

హార్ట్‌మన్ సంగతి చదివి మనసు బాధపడింది. ఇంత గొప్ప రికార్డు తర్వాత కూడా ఆయనకి రావాల్సినంత పేరు రాలేదు. కోల్ట్రేన్ 1967లో 40 ఏళ్ళకే పోయాడు. 1972లో హార్ట్‌మన్ జపాన్ వెళ్ళి కోల్ట్రేన్ జ్ఞాపకంగా పాటలు రికార్డు చేశాడు. 1980లో "వన్స్ ఇన్ ఎవ్రీ లైఫ్" అనే ఆల్బమ్ చేశాడు, గ్రామీకి నామినేట్ అయింది. 1983లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు, 60 ఏళ్ళు. అలాంటి ఊపిరికి ఆ జబ్బు.

1995లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తన సినిమా "ది బ్రిడ్జెస్ ఆఫ్ మాడిసన్ కౌంటీ"లో ఆ 1980 ఆల్బమ్ పాటలు వాడాడు. అప్పుడు జనం ఎవరీ గాయకుడని వెతికారు. ఆయన పోయి పన్నెండేళ్ళు. 2009లో కర్ట్ ఎలింగ్ అనే గాయకుడు కోల్ట్రేన్ – హార్ట్‌మన్ పాటలతోనే ఒక ఆల్బమ్ చేసి గ్రామీ అందుకున్నాడు. హార్ట్‌మన్ ఉండి వినుంటే బాగుండేది.

గోదావరి_గట్టు (ఆదివారం, సాయంత్రం 6:15)

ఆలస్యమైంది, క్షమించండి. ఊరు వెళ్ళి వచ్చాను.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. నాన్నగారు అరుగు మీద కూర్చున్నారు. ఫోన్‌కి చిన్న స్పీకర్ తగిలించి ఆయన కుడి చెవి వైపు పెట్టాను, ఆ చెవి కొంచెం నయం. ఏమిటో, ఎవరో చెప్పలేదు. "మై వన్ అండ్ ఓన్లీ లవ్" పెట్టాను.

సాక్సఫోన్ మొదలవగానే ఆయన వేళ్ళు ఒడిలో కదలడం మొదలుపెట్టాయి. మీటలు నొక్కుతున్నట్టు. పన్నెండేళ్ళ క్రితం వాద్యం అమ్మేసిన తర్వాత ఆ వేళ్ళు అలా కదలగా నేను చూడలేదు. గొంతు వచ్చింది. వేళ్ళు ఆగాయి. పాట అయ్యేదాకా కదలకుండా కూర్చున్నారు.

అయ్యాక అడిగారు, "ఆ ఊదినాయన, ఈయన పాడుతుంటే ఎందుకు ఆగిపోయాడు?"

స్వరజతి గారు రాసింది చెప్పాను, విల్లు ఎత్తడం గురించి.

"అది కాదురా," అన్నారు. "ఊదినంతసేపూ ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో చూశావా? పాడేవాడు మాట ఆపే చోటే తీసుకున్నాడు. ఆయన ఊదుతుంటే ఈయన పాట నడుస్తూనే ఉంది. ఇంకోసారి పెట్టు, చెబుతాను."

మళ్ళీ పెట్టాను. సాక్సఫోన్ ఊపిరి తీసుకున్న ప్రతి చోటా ఆయన అరుగు మీద వేలితో ఒకసారి తట్టారు. గొంతు వచ్చాక కూడా ఆపలేదు, హార్ట్‌మన్ ఊపిరి తీసుకున్న చోట్ల తట్టారు. రెండు తట్లూ దాదాపు ఒకే చోట్ల పడ్డాయి.

రాత్రి భోజనాల దగ్గర అమ్మతో అంటున్నారు, రేపు ఆ ఫోన్ ఇక్కడే వదిలి వెళ్ళమని చెప్పు వాడితో అని. పాత ఫోన్ ఒకటి ఉంటే అందులో ఆరు పాటలూ ఎక్కించి ఇచ్చి వచ్చాను.